యాక్సిల్ బాక్సు మీద ఎడమ చెయ్యి

"టీచర్ గారూ, ఈ తెల్లటి చార ఏంటంటారు? రంగు ఊడిందా, సున్నమా?" అంటూ ఫణి తన ఫోన్లో ఒక పాత ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి నా ముందు పెట్టాడు. గూడ్సు వ్యాగను. ఇనుప తలుపు రెండు రెక్కలూ కలిసేచోట పైనుంచి కిందిదాకా, మళ్ళీ గడప వెంబడీ, వంకరటింకరగా ఒక పాలిపోయిన పట్టీ. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. చూడగానే నవ్వొచ్చింది. "పేడ నాయనా" అన్నాను. పాపం, నాలుగు రకాల తెల్లరంగులు కలిపి వేసి చూశాడట, ఏదీ కుదరలేదట. ఫణి ఏలూరులో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. ఇప్పుడు చింతలపూడి దగ్గర పామాయిల్ మిల్లులో యంత్రాలు చూసుకుంటున్నాడు. నెత్తి మీద జుట్టు పల్చబడింది గానీ నాకు వాడు వాడే. ఆదివారం పూట స్వీటు డబ్బా పట్టుకుని గేటు తీస్తుంటే ఎవరిదో పెళ్ళిపిలుపు అనుకున్నాను. మూత తీస్తే లోపల దూదిలో నా చూపుడువేలంత గూడ్సు వ్యాగను పడుకుని ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంనాటి వ్యాగన్లని ఎనభై ఏడో వంతుకి తగ్గించి, ప్లాస్టిక్ రేకుతోనూ ఇత్తడి తీగతోనూ చెయ్యడం వాడి సరదా. ఒక్కొక్క రివెట్టూ సూదిమొనతో అతికించాడు. "ఇంట్లో కుళాయి కారుతుంటే చూడరు గానీ, లేని రైలుకి బోల్టులు బిగిస్తారంటదండి మా ఆవిడ" అని వాడే చెప్పి వాడే నవ్వాడు.

పేడ సంగతి చెప్పక తప్పలేదు. తాడేపల్లిగూడెంలో (మేం గూడెం అనే అంటాం) గూడ్సు షెడ్డు దగ్గర గణపవరం వైపునుంచి వచ్చిన బియ్యం బస్తాలు వ్యాగన్లకి ఎక్కేవి. ఆ తలుపులు ఎంత బిగించినా సందు ఉండేది. వానాకాలంలో ఆ సందులోంచి నీళ్ళు దిగితే దిగేచోటికి బియ్యం బదులు బూజుపట్టిన ముద్ద చేరుతుంది. అందుకని బస్తాలు సర్దాక తలుపు వేసి, సందుల్లో గోనెపీలికలు కుక్కి, పైన పేడా మట్టీ కలిపి మెత్తేవారు. మెత్తేది ఆడవాళ్ళే. అరుగు అలికిన చెయ్యికి ఆ పని కొత్తేమీ కాదు కదా. ఎండాక తెల్లబడి, వేళ్ళ గుర్తులతో సహా అలా ఉండిపోయేది. ఎక్కడో వందల మైళ్ళ అవతల తలుపు తెరిచేవాళ్ళు మొట్టమొదట గోకవలసింది మా గూడెం ఆడవాళ్ళ వేలిముద్రల్నే. ఫణి ఇదంతా పుస్తకంలో రాసుకుని, "రంగు ఏంటండి? ఫొటోల్లో అన్నీ నలుపే" అన్నాడు. కొత్తగా వేసినప్పుడు జాజురంగు అనీ, బొగ్గుపొగకి కొన్నాళ్ళలోనే కాలిన ఇటుక రంగులోకి దిగుతుందనీ, ఉప్పు మోసిన వ్యాగనుకి గడప కింద తుప్పు చారలు దిగుతాయనీ చెప్పాను. ఒక మూల తీగ క్లిప్పులో వ్యాగను ఎక్కడికి పోవాలో రాసిన అట్టముక్క ఉంటుంది. జబ్బుచేసిన వ్యాగనుకైతే 'సిక్' అని వేరే అట్ట పెట్టి, రైలునుంచి విడదీసి పక్క లైనులో నిలబెడతారు. దాన్ని సిక్ లైను అంటారు. నేను చెప్పుకుంటూ పోతుంటే ఫణి రాయడం ఆపి నన్ను చూశాడు. "ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అన్నాడు. "మా నాన్నగారు అక్కడే పనిచేసేవారు" అన్నాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఆ మాట ఏ క్లాసులోనూ అనలేదు.

మా నాన్నగారి పేరు వెంకటరత్నం. గూడ్సు రైలు ఆగగానే ఒక చివరనుంచి మరో చివరికి నడుస్తూ, ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి చూడటం ఆయన పని. ఆ సుత్తి చూస్తే మేకులు కొట్టేది అనుకోరు. తల చిన్నది, పిడి మాత్రం సన్నగా, పొడుగ్గా, చేతిలో ఊగేటట్టు ఉండేది. చక్రం మంచిదైతే గుడిగంటకి చెల్లెల్లా ఖంగుమని, చాలాసేపు లాగి లాగి మోగుతుంది. ఎక్కడైనా నెర్రె ఉంటే పగిలిన కుండలా టప్పుమని ఊరుకుంటుంది. ఆ తర్వాత చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ బాక్సు మీద చెయ్యి వేసి వేడి చూడాలి. ఆ రోజుల్లో బాక్సు లోపల నూనెలో నానబెట్టిన నూలుపోగులు దట్టించేవారు, వాటిని వేస్టు అనేవాళ్ళం. వేస్టు ఆరిపోయిందా, ఇత్తడి బేరింగు కాలి, పొగ లేచి, దారిలో ఇరుసే తెగిపోవచ్చు. ఫణి చేసిన బుల్లి వ్యాగనుకి యాక్సిల్ బాక్సు మూత కూడా ఉంది. దాన్ని గోటితో తాకితే ఎందుకో చెయ్యి వెనక్కి వచ్చేసింది.

మా రైల్వే క్వార్టర్సులో తెల్లారడం అంటే ఆ వేస్టు వాసనే. వాడి పారేసిన నూనె వేస్టు పిడికెడు తెచ్చి, అమ్మ ఊకపొయ్యికి అంటించేది. రైసుమిల్లుల ఊరు కాబట్టి ఊకకి కొదవ లేదు. నూనె మండిన కమురు వాసన, ఊక పొగ, దాని మీద కాగే కాఫీ, మూడూ కలిసిన వాసనే నాకు ఇప్పటికీ తెల్లవారుజాము. నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, ముందు కిరసనాయిలుతోనూ, తర్వాత బూడిదతోనూ, ఆ తర్వాత కుంకుడు రసంతోనూ చేతులు తోముకునేవారు. అయినా గోళ్ళ చుట్టూ నల్లటి అంచు ఉండనే ఉండేది. ఆ చేత్తో అన్నం కలుపుతుంటే అమ్మ, "ఏవండీ, పప్పులో నెయ్యి నేను వేశానా, మీ వేళ్ళు వేశాయా?" అని ఏడిపించేది. ఆయనకి కొట్టి చూడకుండా ఏదీ కొనే అలవాటు లేదు. సంతలో కుండ బేరమాడితే కుడిచేతి వేలు మడిచి కొట్టేవారు. ఎడమ అరచెయ్యి మాత్రం కుండ పొట్టకి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. కుమ్మరాయన, "కుండ కొంటున్నారా బాబూ, నాడి చూస్తున్నారా?" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఎడమ అరచెయ్యి ఎందుకో అప్పట్లో ఆలోచించలేదు.

ఆయనకి చెవులు పోయాయి. ఒక్కరోజులో కాదు, ఏళ్ళ తరబడి, సబ్బు అరిగినట్టు అరిగిపోయాయి. ఇంజన్ల రొద వల్లనో, రోజంతా ఇనుము మీద ఇనుము కొట్టడం వల్లనో ఎవరికి తెలుసు! ముందు కోయిల వినపడటం లేదన్నారు. తర్వాత అమ్మ గాజులు. నేను హైస్కూలుకి వచ్చేసరికి పక్కన నిలబడి గట్టిగా అరిస్తే తప్ప వినిపించేది కాదని మాకు తెలుసు, మాకు మాత్రమే తెలుసు. చక్రం మోత విని చెప్పవలసిన మనిషికి చెవుడని తెలిస్తే ఆ పనిలో ఉండనిస్తారా? అందుకని ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. ఆయన వీపు తిరిగి ఉంటే అమ్మ నేల మీద కాలితో రెండుసార్లు తట్టేది, ఆ అదురు పాదాలకి తెలిసి ఆయన తిరిగేవారు. సెలవుల్లో కారియరు పట్టుకుని యార్డుకి వెళ్ళినప్పుడు గమనించాను. కుడిచేత్తో చక్రాన్ని కొడుతున్నారు, ఎడమచెయ్యి యాక్సిల్ బాక్సు మీదే ఉంది. చూసేవాళ్ళకి వేడి చూస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆయన చూసేది ఇనుములో వణుకు. మంచి చక్రం వణుకు అరచేతిలో చాలాసేపు నిలుస్తుందనీ, నెర్రె ఉన్నది చటుక్కున చచ్చిపోతుందనీ ఆ సాయంత్రం నాకు చెప్పారు. "చెవికి వంద చప్పుళ్ళు అడ్డమొస్తాయమ్మలూ, చెయ్యికి ఒక్కటే తెలుస్తుంది" అనేవారు. గాలిలో కంటే ఇనుములో ధ్వని వేగంగా ప్రయాణిస్తుందని నేను తరువాత ఎన్ని క్లాసులకి చెప్పానో! ఒక్కసారైనా ఉదాహరణకి మా నాన్నని చెప్పలేదు.

ఇక నేను హైస్కూల్లో ఉండగా ఒక ఆదివారం జరిగిన సంగతి. అంతకు ముందురోజు నాన్నగారు బియ్యం లోడుతో ఉన్న ఒక వ్యాగన్ని పట్టుబట్టి సిక్ లైనులో పెట్టించారు. పైకి ఏమీ కనిపించడం లేదని అందరూ విసుక్కున్నారట. తుడిచి, కిరసనాయిలు పూసి చూస్తే చక్రంలో వెంట్రుకంత నెర్రె బయటపడింది. ఆ మాట పై ఆఫీసరు దాకా పోయింది. కొత్తగా వచ్చిన ఆయన, తనిఖీకని గూడెం వచ్చి, మెచ్చుకుందామని స్వయంగా మా క్వార్టర్సుకే వచ్చారు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. నాన్నగారు వాకిట్లో అటు తిరిగి ఆనపపాదుకి పందిరి కడుతున్నారు. నేను గుమ్మంలో చదువుకుంటున్నాను. "వెంకటరత్నం గారూ" అన్నారు ఆఫీసరు, నవ్వుతూనే. నాన్నగారు తిరగలేదు. మళ్ళీ పిలిచారు. పురికొస పళ్ళతో తెంపుతున్నారు నాన్నగారు. మూడోసారి పిలిచేసరికి ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. వెంట వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా వైపు ఎలాంటిదంటే, ఇంటికొచ్చిన శత్రువుకైనా ముందు మంచినీళ్ళివ్వాలి, పిలిస్తే పలకాలి. వాకిట్లోకి వచ్చిన మనిషిని నిలబెట్టి పలక్కపోవడం కంటే అప్రతిష్ఠ ఇంకోటి లేదని అమ్మ నాకు ఉగ్గుపాలతో పోసింది. మా నాన్నకి పొగరనుకుంటున్నారే అని నాకు ఒళ్ళు చచ్చిపోయింది. నేల తట్టవచ్చు కదా? పరుగెత్తుకెళ్ళి భుజం తట్టవచ్చు కదా? అవేవీ తోచలేదు. లోపలికి పరుగెత్తి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆఫీసరు ముందు పెట్టి, నేర్చుకున్న మర్యాదంతా ఒక్క వాక్యంలో ఒలకబోశాను. "ఏమీ అనుకోకండి సార్, మా నాన్నగారికి వినపడదండీ. కాస్త దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పండి."

నేను ఆ మాట అంటుండగానే నాన్నగారు ఇటు తిరిగారు. ఎందుకు తిరిగారో తెలియదు, నా పరుగు అదురు తెలిసిందేమో. ఒక్క క్షణం నా మొహంలోకే చూశారు. తర్వాత పురికొస కింద పడేసి, చేతులు పంచెకి తుడుచుకుని, ఆఫీసరుకి నమస్కారం పెట్టి, తనే లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశారు. ఆఫీసరు మంచివాడు. నీళ్ళు తాగారు, కాఫీ తాగారు, గట్టిగా నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పారు. వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఆగి, పక్కవాడితో ఏదో మెల్లగా అన్నారు. పది రోజులకి కాగితం వచ్చింది. బెజవాడ తీసుకెళ్ళి చెవులు చూశారు. ఆ పనికి పనికిరాడని రాసి, స్టోర్సులో కూర్చోబెట్టారు. అదే వేస్టు, అదే నూనె. ఇప్పుడు వాటిని తూచి ఇతరులకి ఇవ్వడం ఆయన పని. ఆఫీసరుది తప్పని నేను అనను, చెవిటివాడి చేతిలో రైలు పెట్టమని ఎవరంటారు? కానీ ఆ చెయ్యి సంగతి అడిగేవాళ్ళే లేకపోయారు. చెప్పవలసిన నేనూ చెప్పలేదు.

సుత్తి అప్పగించే రోజున దాన్ని కిరసనాయిలుతో తుడిచి, పిడికి ఆముదం రాసి, గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నారు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తూ, "ఏ నోరు ఈ మాట మోసిందో ఆ నోట మన్ను పడ" అని తిట్టింది. ఆ నోరు ఆవిడ ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింటోంది. నాన్నగారు అమ్మ వైపు చూసి, "అలా తిట్టకు. చెప్పినవాళ్ళు మంచికే చెప్పుంటారు" అన్నారు. ఆయన మెతకతనం అది అనుకున్నాను. వినపడని మనిషి కాబట్టి, ఆ రోజు వాకిట్లో నేనేమన్నానో ఆయనకి తెలియదనే ధైర్యం నాకు. ఆ ధైర్యంతోనే పెద్దదాన్నయ్యాను, చదువుకున్నాను, టీచర్నయ్యాను. గూడ్సు వచ్చినప్పుడల్లా ఆయన స్టోర్సు వరండాలో ఇనుపస్తంభానికి ఎడమ అరచెయ్యి ఆనించి నిలబడేవారు. రైలు మొత్తం పోయేదాకా తీసేవారు కాదు. ఒకసారి చూశాక నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను.

అమ్మ పోయాక ఆయన ఏలూరులో మా ఇంటికి వచ్చేశారు. పన్నెండేళ్ళున్నారు. మావారితో చదరంగం, పొద్దున్న మొక్కలు, సాయంత్రం కాలవగట్టు దాకా నడక. కానీ నాతో మాట్లాడేటప్పుడల్లా ఒకటే మాట. "ఇటు చూసి చెప్పమ్మా." నేను కూర తరుగుతూ చెప్పేదాన్ని, పేపర్లు దిద్దుతూ చెప్పేదాన్ని, గోడవైపు తిరిగి గట్టిగా అరిచి చెప్పేదాన్ని. గొంతు పెంచితే చాలు కదా అని నా లెక్క. నిజం చెప్పాలంటే ఆయన కళ్ళల్లోకి చూడటం నాకు ఎప్పుడో తప్పిపోయింది. ఆదివారం నాటి తప్పు అక్కడ కూర్చుని ఉండేది. "ఇటు చూసి చెప్పమ్మా" అని ఆయనంటే, ముసలాయన చాదస్తం, కూతురి మొహం చూడాలని ముచ్చట అనుకున్నాను. ఒకటి రెండుసార్లు ఆ సంగతి చెప్పేద్దామని దగ్గరికి వెళ్ళాను కూడా. కానీ చెప్పాలంటే అరవాలి. తప్పు ఒప్పుకోవడమే కష్టం, దాన్ని వీధంతా వినేటట్టు అరిచి ఒప్పుకోవడం ఇంకా కష్టం. పక్కింటివాళ్ళేమనుకుంటారని వెనక్కి వచ్చేశాను. ఆయన అలాగే వెళ్ళిపోయారు.

ఇదంతా ఫణితో చెప్పలేదు, సుత్తి వరకే చెప్పాను. వాడు పేడ సంగతికే పొంగిపోయి, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. "కైకలూరు అవతల చేపల చెరువు గట్టు మీద పాత వ్యాగను ఒకటి ఉందంటండి. చక్రాలు తీసేసి మేత బస్తాలు పెట్టుకుంటున్నారంట. కొలతలు తీసుకుందాం, మీరూ రండి" అన్నాడు. కారులో వెళ్ళాం. నా చిన్నప్పుడు ఈ దారిలో కొల్లేరు అంటే నీళ్ళు, రెల్లు, పక్షులు. చేపలు వెదురుబుట్టల్లో ఐసూ ఊకా వేసుకుని స్టేషనుకి వచ్చేవి, వాటి నీళ్ళు కారి ప్లాట్‌ఫాం జారేది. ఇప్పుడు గట్లు, చెరువులు, చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టిస్తూ గిరగిరా తిరిగే చక్రాలు, థర్మోకోల్ పెట్టెల లారీలు. సరస్సు ఎక్కడ మొదలవుతుందో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. గట్టు చివర, సుబాబుల్ చెట్ల నీడన, కాలిన ఇటుక రంగులో మా వ్యాగను కనిపించింది. కాళ్ళు తీసేసిన మనిషిలా నేల మీద కూర్చుని ఉంది. ఫణి టేపు పట్టుకుని ఎగబడ్డాడు. నేను తలుపు రెక్కల సందు వేలితో తడిమాను. లోతుగా ఎక్కడో గోనెపోగు ఒకటి ఇంకా ఉంది.

చెరువూ వ్యాగనూ గట్టు మీది ఇంటివాళ్ళవే. ఆ ఇంటి పెద్దాయన మంచం మీదనుంచి లేచి కర్ర పట్టుకుని వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఇంజను మీద బొగ్గు వేసిన ఫైర్‌మన్‌నని, రిటైరయ్యాక ఈ వ్యాగన్ని వదల్లేక వేలంలో పాడి తెచ్చుకున్నానని చెప్పారు. "మాది ఏలూరండి, చిన్నప్పుడు గూడెం రైల్వే క్వార్టర్సు" అన్నాను. "ఎవరమ్మాయివమ్మా?" అన్నారు. నాన్నగారి పేరు చెప్పాను. ఆయన కర్ర వ్యాగనుకి ఆనించేసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "సుత్తి వెంకటరత్నం గారి అమ్మాయా! ఆయ్, మహానుభావుడమ్మా. ఆయన చెయ్యేస్తే వ్యాగను నిజం చెప్పెయ్యాల్సిందే."

"అప్పటికే ఆయనకి వినపడేది కాదండీ" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత, మళ్ళీ అదే మాట.

పెద్దాయన నవ్వారు. "ఎవరికి వినపడేదమ్మా? ఇంజను సేఫ్టీ వాల్వు లేచి ఆవిరి కక్కిందంటే పక్కవాడు చచ్చిపోతున్నా తెలీదు. యార్డులో మేవంతా మూతులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. గాలిలోకి పెదాలు ఆడిస్తే చాలు, అర్థమైపోయేది. మీ నాన్నగారైతే అందులో దొరండి. ప్లాట్‌ఫాం ఆ చివర స్టేషన్ మాస్టరు గారు ఎవర్ని ఏం తిడుతున్నారో, ఈ చివర నిలబడి మాకు చదివి చెప్పేవారు. ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. నవ్వలేక చచ్చేవాళ్ళం."

ఫణి కూడా నవ్వుతున్నాడు, రాసుకుంటున్నాడు. నేను వ్యాగను గడప మీద కూర్చుండిపోయాను. "ఎండ దెబ్బేమో, మంచినీళ్ళు తెండ్రా" అంటున్నారు పెద్దాయన. నాకు ఆనపపందిరి కనిపిస్తోంది. పురికొస చేతిలో పట్టుకుని ఇటు తిరిగిన మా నాన్న కనిపిస్తున్నారు. ఆయన చూసింది నా మొహాన్ని కాదు, నా నోటిని. ప్లాట్‌ఫాం ఆ చివరి తిట్టు చదవగలిగిన మనిషికి, పది అడుగుల దూరంలో కన్నకూతురి పెదాలు చదవడం ఎంతసేపు? 'చెప్పినవాళ్ళు మంచికే చెప్పుంటారు' అన్నది ఎవరినో కాదు, ఇడ్లీ ముందు కూర్చున్న నన్ను. ఆయనకి అన్నీ తెలుసు. తెలిసి, అమ్మకి చెప్పలేదు, నన్ను అడగలేదు. "ఇటు చూసి చెప్పమ్మా" అంటే చాదస్తం కాదు, ఆయన చెవి అదొక్కటే. పన్నెండేళ్ళు నేను మొహం తిప్పుకుని ఆ చెవి కూడా మూసేశాను. ఇంత చిన్న సంగతి, ధ్వని పాఠం చెప్పే టీచరుకి ఎలా తట్టలేదని అడుగుతారేమో. తట్టకుండా ఉంటేనే నాకు సుఖంగా ఉండేది, అంతే.

ఇప్పుడు ఏలూరు స్టేషన్లో గూడ్సు రైళ్ళు ఆగనే ఆగవు. ఒక్కొక్కటీ మైలు పొడుగు, అన్నీ ఒకటే రకం, తలుపు సందుల్లేవు, పేడ అక్కర్లేదు. పట్టాల పక్కన యంత్రం వేడి చూస్తుందట, నెర్రెలు కనిపెట్టడానికి ఇంకేవో ఉన్నాయట. ఫణి సంబరంగా చెబుతాడు. మంచిదే, రైళ్ళు క్షేమంగా పోవాలి. కానీ ఆ యంత్రానికి ఎవరి మాటో తగిలి ఉద్యోగం పోదు, పోయినా స్తంభం పట్టుకుని నిలబడదు. దానికి క్షమాపణ చెప్పవలసిన వాళ్ళూ ఉండరు. అప్పటికీ ఇప్పటికీ నాకు కనిపించే తేడా అదే.

మొన్న ఫణి వ్యాగను పూర్తిచేసి తెచ్చాడు. జాజురంగు మీద పొగ, గడప కింద తుప్పు, తలుపు సందున పేడ. నిజం పేడే, ఎండబెట్టి పొడి చేసి జిగురులో కలిపాడట. పక్కన బొటనవేలి గోరంత మనిషి. కుడిచేతిలో వెంట్రుకంత సుత్తి, ఎడమ చెయ్యి యాక్సిల్ బాక్సు మీద. "ఇంకా అతికించలేదండి. మొహం చక్రం వైపు పెట్టమంటారా?" అని అడిగాడు. "వద్దు, ఇటు తిప్పు. పిలిచినవాళ్ళ వైపు" అన్నాను. వాడు పట్టకారుతో తిప్పి అతికించి, జిగురు ఆరేదాకా కదపొద్దని చెప్పి వెళ్ళాడు. బల్ల ముందు కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మొహం సరిగ్గా ఎదురుగా ఉండేటట్టు కూర్చున్నాను. చెప్పవలసింది మొత్తం చెప్పాను. పక్కింటివాళ్ళకి వినపడలేదు. గొంతు పెంచనే లేదు, ఒట్టి పెదాలు కదిపాను.